మూడు రంగుల కోడి

ఆ రోజు పొద్దున చిక్కప్ప చేసుకున్న ఏర్పాటులో వంక పెట్టడానికేమీ లేదు. ముందు దొరకు తలంటి పోయాలి. ఎండ ముదరక ముందే ఆరబెట్టాలి. కాళ్ళకూ నెత్తి మీది జుట్టుకూ కొబ్బరినూనె రాసి కొత్త బుట్టలో పడుకోబెట్టాలి. మర్నాడు తెల్లవారగానే తీసుకుపోయి మైదానంలో నలుగురి ముందూ నిలబెట్టాలి. ఇంత సాఫీగా ఉన్న పనిలోకి పోలీసులు ఎటునుంచి దూరతారో చిక్కప్పే కాదు, జాతకాలు చెప్పేవాడైనా ఊహించి ఉండడు.

దొర అంటే మనిషి కాదు, కోడిపుంజు. మామూలు పుంజు కూడా కాదు, బాంటం. నాటుపుంజు పక్కన నిలబడితే దాని రొమ్ము దాకా కూడా రాని పొట్టి జాతి. కానీ ఎత్తులో తగ్గించిన భగవంతుడు ఆ లోటును తక్కిన అన్నిటిలోనూ పూడ్చేశాడు. మెడ చుట్టూ కాషాయ రంగు ఈకలు శాలువా కప్పినట్టు జారుతుంటాయి. రొమ్ము మల్లెపూవంత తెలుపు. తోక చూడడానికి నలుపేగాని ఎండ తగిలిందంటే పచ్చగా నిగనిగలాడుతుంది. కాళ్ళకు వేళ్ళ దాకా ఈకలే, అచ్చం మేజోళ్ళు తొడుక్కున్నట్టు. ఆ మేజోళ్ళతో రొమ్ము విరుచుకుని, ఎవరినీ లెక్కచెయ్యకుండా పెరట్లో అటూ ఇటూ పచార్లు చేస్తుంటే, చూసినవాళ్ళకు తాలూకా కచేరీ తనిఖీకొచ్చే తెల్లవాడే గుర్తొచ్చేవాడు. అందుకే ఆ పేరు. దాని జత పెట్ట పేరు దొరసాని అని వేరే చెప్పనక్కరలేదు.

చిక్కప్ప ధర్మపురిలో చింతపండు వ్యాపారి. ఏ తాతల నాడో వచ్చి కుదురుకున్న తెలుగు కుటుంబం. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఆయన చింతపండు వేసుకుని బెంగళూరు దండుకు, అంటే తెల్లవాళ్ళ కంటోన్మెంటుకు, పోయినప్పుడు సీమకు ప్రయాణమవుతున్న ఒక దొరసాని అరచేతిలో పట్టే కోడిపిల్లల్ని రెండింటిని చూపించి, కోసుకుని తినని వాడికే వీటిని ఇస్తానంది. చిక్కప్ప ఆ రెండింటినీ దోసిట్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని, కులదైవం మీద ప్రమాణం చేశాడు. ఆయన భాష ఆమెకు అర్థం కాలేదు. కళ్ళు మూసుకున్న తీరు అర్థమైనట్టుంది, ఇచ్చేసింది.

నిజం చెప్పాలంటే ఆ పెంపకం చూడముచ్చటగా ఉండేది. కాలి ఈకలు తడిస్తే విరుగుతాయని పెరట్లో ఒక మూల ఇసుక పోయించి, దాని మీద ఊక పరిచాడు. ముసురు పట్టిన రోజుల్లో ఆ ఊకను మూడుపూటలా మార్చేవాడు. దొరసాని పొదుగుతుంటే ఇంట్లో ఎవరూ గట్టిగా దగ్గకూడదు. ఈకలు రాలే కాలంలో దొర చిన్నబోయి మూల కూర్చుంటే, చిక్కప్ప కూడా అంగడికి పోకుండా దాని ఎదుట మూల కూర్చునేవాడు. చింతపండు మూటను చూడగానే అందులో గింజ ఎంత, పీచు ఎంత అని చెప్పగలిగే మనిషి, పుంజు తోకలో ఒక్క ఈక వంకర తిరిగితే బెంగపెట్టుకునేవాడు. మేత సంగతి మాత్రం ఆయనకు అంతగా పట్టేది కాదు. గిన్నె ఎప్పుడు చూసినా నిండే ఉండేది.

భార్య సాకమ్మ ఈ వైభోగాన్ని ఒప్పుకున్న పాపాన పోలేదు. ఊరంతా రేషన్ రాగుల కోసం పడిగాపులు పడుతున్న కాలం. "గుడ్డు చూస్తే నిమ్మకాయంత. మాంసం చూస్తే పిడికెడు. దీనికి తలంటులా?" అని పొద్దునా సాయంత్రం అంటూనే ఉండేది. ఆ ఏడు, అంటే యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, ధర్మపురిలో పశువులకూ పంటలకూ కలిపి పెద్ద ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. ఊళ్ళో వాళ్ళు దాన్ని తమిళంలో 'కాట్చి' అనేవారు. మంచి కోళ్ళకు కూడా బహుమతులట. చిక్కప్ప ఆ మాట తెచ్చి ఇంట్లో చెప్పిన క్షణాన సాకమ్మ గంటె చేతిలో పట్టుకుని తేల్చి చెప్పింది.

"కాట్చిలో పరిసు కొట్టినాడంటే ఉండనీ. కొట్టలేదంటే మా అన్నకి పులుసు."

పౌరుషం కొద్దీ చిక్కప్ప సరేనన్నాడు. అన్న తరవాత నాలుగు రోజులుగా ఆయనకు ముద్ద దిగడం లేదు. సాకమ్మ అన్న రంగప్ప మారండహళ్ళిలో ఉంటాడు. కోడిని కోయడంలో, కూర వండడంలో చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. విందుకు పిలిస్తే తన కత్తి తానే తెచ్చుకుంటాడు, తన మిరప్పొడి తానే తెచ్చుకుంటాడు. కాట్చి రోజు పొద్దున బస్సుకే రమ్మని అతనికి కబురు కూడా వెళ్ళిపోయింది. ఇక దొర ప్రాణానికీ, దండులో చేసిన ప్రమాణానికీ అడ్డు ఒక్క బహుమతే.

అందుకే ఆ పొద్దున పెరట్లో తొట్టి పక్కన కూర్చుని, దొరను మోకాళ్ళ మధ్య పెట్టుకుని, చిక్కప్ప సీకాయ పులుముతున్నాడు.

"సాకా, ఇంకో చెంబు నీళ్ళు తే. దొర కండ్లలో సీకాయ పడింది."

"నా తలకి నూనె పెట్టి ఎన్ని దినాలయిందో తెల్సునా నీకు?"

"నువ్వేమన్నా కాట్చిలో నిలబడతా ఉండావా?" అన్నాడు చిక్కప్ప. ఆ మాట ఎంత ప్రమాదమో అన్న తరవాత తెలిసి, గబగబా అసలు సంగతిలోకి దిగాడు. "ఇదో, రేపు సబ్ కలెక్టర్ వచ్చేలోపలే మూడు రంగుల కోడిని ఎక్కించేయాల. కంబం పక్కనే మనకి చోటిచ్చినారు. జనమంతా చూసేట్టు పైన ఎక్కించాల."

"దావలో దొర సద్దు చేస్తే?"

"కాళ్ళు కట్టి బుట్టలో వేసి మూసేస్తే దొర సద్దు చెయ్యడు."

"మాట మాటే. పొద్దున మారండహళ్ళి బస్సుకి అన్న వస్తా ఉండాడు, కత్తి తీసుకోని. దొర కథ రేపటితో సరి."

పిట్టగోడకు అవతలి వాటాలో కానిస్టేబుల్ కరుప్పుసామి గడ్డం గీసుకుంటున్నాడు. మధుర వైపు నుంచి బదిలీ మీద వచ్చి ఆరు నెలలైంది. అతనికి తెలుగు రాదు. కానీ వచ్చునని నమ్మకం ఉంది. బొత్తిగా రానివాడికంటే ఇలాంటివాడితోనే ప్రమాదం.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. తమిళంలో కోడిపుంజును సేవల్ అంటారు, పెట్టను కోళి అంటారు. 'కొడి' అని ఇంకొక మాట ఉంది. దానికి అర్థం జెండా. పక్కింటి సేవల్ రోజూ కూస్తుందని కరుప్పుసామికి తెలుసు. దాన్ని ఆ ఇంట్లో కోడి అంటారనిగాని, దానికి దొర అని పేరు పెట్టారనిగాని తెలియదు. చింతపండు మూటలు రోజూ బండికి ఎక్కిస్తుంటే విని 'ఎక్కించడం' అంటే ఏమిటో, 'బుట్ట' అంటే ఏమిటో నేర్చుకున్నాడు. మూడు, రంగు అనేవి అంగళ్ళలో నేర్చుకున్నాడు. కంబం, కాలు, కత్తి, దొర, అన్న, ఈ మాటలు నేర్చుకోనక్కరలేదు, రెండు భాషల్లోనూ ఇంచుమించు ఒకటే. 'కో' అన్న దీర్ఘం అతని చెవికి తగిలిందిగాని, తెలుగువాళ్ళు ఏ మాటనైనా సాగదీస్తారులే అనుకున్నాడు. మూడు రంగుల కొడి అంటే కాంగ్రెసు జెండా అని ఆ రోజుల్లో పాలు తాగే పిల్లవాడికైనా తెలుసు. కరుప్పుసామి సగం గడ్డంతో స్టేషన్‌కు పరిగెత్తాడు.

ఆ తరవాత స్టేషన్‌లో జరిగింది చిక్కప్పకు ఎన్నో రోజులకుగాని ముక్కలు ముక్కలుగా తెలియలేదు. సబ్ ఇన్‌స్పెక్టర్ అన్నామలై నెమ్మదస్తుడు. అంతా విని తమిళంలో అడిగాడు.

"ఎవరు, మన చింతపండు చిక్కప్పా? ఆయన వాలిన ఈగనైనా తోలడే."

"అలాంటివాళ్ళకే అయ్యా, లోపల లోతు ఎక్కువ. జెండా ఎక్కించేది ఆయన. దొర కాళ్ళు కట్టి బుట్టలో మూసేది ఆయన. కత్తి మాత్రం మారండహళ్ళి నుంచి వస్తుంది. ఎవరో అన్నగారట, వాళ్ళ నాయకుడు."

"ఆరడుగుల సబ్ కలెక్టర్ ఏ బుట్టలో పడతాడయ్యా?"

"చింతపండు బుట్టలు అయ్యా," అన్నాడు కరుప్పుసామి.

అన్నామలై చింతపండు బుట్టలను చూసినవాడే. వెంటనే పనిలోకి దిగాడు. మైదానంలోని కంబం మీద ఏ జెండా లేకపోతే ఏ గొడవా ఉండదని, పొద్దున ఎక్కించవలసిన సర్కారు జెండాను కూడా మడిచి తన బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాడు. కంబానికున్న తాడు విప్పించాడు. కంబం చుట్టూ నలుగురు కానిస్టేబుళ్ళను నిలబెట్టి, ఈగ వాలినా పట్టుకోమన్నాడు. తాను మర్నాడు పొద్దున బస్సు కోసం కాపు వేశాడు.

మారండహళ్ళి బస్సు బొగ్గు పొగ కక్కుకుంటూ వచ్చి ఆగింది. రంగప్ప సంచి భుజాన వేసుకుని, నోట్లో తాంబూలంతో, విందుకొచ్చిన మనిషి ఎంత హుషారుగా ఉండాలో అంత హుషారుగా దిగాడు.

"సంచిలో ఏముంది?"

"కత్తి సామీ."

లేదని బుకాయిస్తాడనుకున్న అన్నామలై ఒక క్షణం తడబడ్డాడు. "ఇంకా?"

"మిరప్పొడి. ఇంట్లో దంచింది."

"ఇవి దేనికి?"

"దొరని కోసేదానికి సామీ. మా చెల్లెలు పిలిపించింది."

"కోసి?"

"కోసి ఏమి చేస్తారు సామీ? పసుపు పట్టించి, ఉప్పూ మిరప్పొడీ వేసి, ఒక గంట అట్లే పెట్టాల. అప్పుడు పులుసు పెట్టి అందరం కూర్చోని తినేది. తమరూ రండి. అయితే ఒళ్ళు చిన్నది సామీ, ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క వస్తే గొప్ప."

అన్నామలై బస్సు మెట్టు మీద కూర్చుండిపోయాడు. పాతికేళ్ళ నౌకరీలో రకరకాల నేరస్థులను చూశాడుగాని, దొరను పులుసు పెట్టుకునేవాణ్ణి, దానికి తనను భోజనానికి పిలిచేవాణ్ణి చూడలేదు. రంగప్పను స్టేషన్‌లో కూర్చోబెట్టించి, మైదానానికి ఉరికాడు.

మైదానంలో అప్పటికే సందడి మొదలైంది. ఒకవైపు ఎద్దులు, ఒకవైపు గుమ్మడికాయలు, షామియానా కింద మెట్లుమెట్లుగా పేర్చిన బల్లల మీద కోళ్ళు, బాతులు. నల్లంపల్లి నుంచి వచ్చిన నాటుపుంజు ఒకటి మేకపిల్లంత ఉంది. చిక్కప్ప దాన్ని చూసి కూడా బెదరలేదు. ఉతికిన పంచె కట్టుకుని, గుడ్డ కప్పిన బుట్టను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, కంబం దాకా వచ్చాడు. వచ్చీ రాగానే చుట్టూ ఎర్ర తలపాగాలు మూగాయి. తన కోడిని చూడడానికి పోలీసులు కూడా ఇంత ముచ్చట పడుతున్నారా అని ఆయనకు కళ్ళు చెమర్చాయి.

"బుట్టలో ఏముంది?" అన్నాడు అన్నామలై.

చిక్కప్ప మర్యాదగా తమిళంలోనే జవాబు చెప్పాడు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. తమిళంలో 'కోళి' అనే మాటలో ఆ చివరి అక్షరాన్ని నాలుక మడిచి పలకాలి. అది చిక్కప్ప వంశంలో ఏ తరానికీ పలకలేదు. తాతల నాటినుంచీ దానికి 'డి' అని సరిపెట్టుకుంటూ వచ్చారు.

"కోడి సామీ."

"కొడే. ఎన్ని రంగులు?"

"మూడు సామీ. మూడోది పచ్చ. అది ఎండలో పెడితేనే తెలుస్తుంది."

"ఎక్కడ పెట్టాలని తెచ్చావు?"

"ఇదో, ఈ కంబం దగ్గరే. పైన పెట్టాలని."

ఏదో పొరపాటు పడుతున్నారని చిక్కప్పకు అప్పుడు తోచింది. "తమరు అనుకునేది కాదు సామీ. కొడి కాదు, కోఓడి," అని నొక్కి సాగదీశాడు. తమిళంలో అలా సాగదీస్తే అది కోటి అవుతుంది. జెండాతో పాటు కోటి రూపాయల చందా కూడా పోగుచేశారన్నమాట అనుకున్నాడు అన్నామలై.

"అదలా ఉంచు. దొర ఎక్కడ?"

"ఈ బుట్టలోనే ఉండాడు సామీ."

అన్నామలై బుట్టను చూశాడు. సబ్ కలెక్టర్ ఎత్తు తలచుకున్నాడు. స్టేషన్‌లో ఉన్న కత్తి తలచుకున్నాడు.

"ప్రాణం ఉందా?"

"ఉండకేమి సామీ. కాళ్ళు కట్టినాను, అంతే."

"విప్పండి," అన్నాడు అన్నామలై, మొహం పక్కకు తిప్పుకుని.

కరుప్పుసామి గుడ్డ లాగి, లోపలికి చేయి పెట్టి, దొరికిన దారాన్ని తెంపేశాడు. రెండు గంటలుగా ఉడికిపోతున్న దొర బుట్టలోంచి ఎగిరి ముందు కరుప్పుసామి తలపాగా మీద నిలబడింది. అక్కడినుంచి షామియానా పైకి. అక్కడినుంచి రెక్కలు టపటపలాడించి కంబం కొసకు. నాటుకోళ్ళకు ఒళ్ళు బరువు, గోడ దాటడమే గగనం. బాంటాలకు ఆ బాధ లేదు. కొస మీద సర్దుకుని నిలబడి, మేజోళ్ళు ఒకసారి చూసుకుని, రొమ్ము విరిచి, ఊరు మారుమోగేలా కూసింది. సరిగ్గా అదే వేళకు సబ్ కలెక్టర్ జీపు మైదానంలోకి మలుపు తిరిగింది.

అప్పటికి ఎండ బాగా వచ్చింది. సర్కారు జెండా లేని బోడి కంబం కొసన కాషాయం, తెలుపు, పచ్చ మూడూ కలిసి ధగధగ మెరిశాయి. చూడవలసిన అందం అది. చిక్కప్ప దాని కోసం పోయించిన ఇసుక, మార్చిన ఊక, బెంగపెట్టుకున్న ఒక్కొక్క ఈక, అన్నీ ఆకాశంలో నిలబడి కనిపించాయి. జనంలో ఎవడో ఒకడు చప్పట్లు కొట్టాడు. ఎందుకు కొడుతున్నావని ఎవరూ అడగలేదు, అందరూ కొట్టారు. అన్నామలై పైకి చూశాడు. తరవాత కిందికి, కరుప్పుసామి సగం గడ్డం వైపు చూశాడు.

చిక్కప్పకు చప్పట్లు వినిపించలేదు. షామియానా లోపల పశువుల డాక్టరు తీర్పు మొదలుపెట్టేశాడు. గంట కొట్టేలోపల బల్ల దగ్గర లేని పక్షికి బహుమతి లేదని నియమం. బహుమతి లేకపోతే పులుసు. ఆయన కంబం కింద నిలబడి, రెండు చేతులూ జోడించి, గొంతెత్తి వేడుకున్నాడు.

"దొరా, దిగు దొరా. దయచేసి దిగిరా దొరా."

జీపులో కూర్చునే ఉన్న సబ్ కలెక్టర్ ఏమంటున్నాడని అడిగాడు. కరుప్పుసామికి ఈ తెలుగు నిజంగానే అర్థమైంది. "దొరగారిని దిగమంటున్నాడు," అని విన్నవించాడు. ఆయన దిగాడు. దిగి, చిక్కప్ప ఎదుట నిలబడి, వచ్చీరాని తమిళంలో "దిగాను, ఏం కావాలి?" అన్నాడు. చిక్కప్ప ఆయన్ని చూడనేలేదు.

"దిగకుంటే కోసేస్తారు దొరా. నీ మంచికే చెప్తా ఉండా."

దీన్ని మాత్రం కరుప్పుసామి విన్నవించలేదు.

దొర దిగలేదు. చిక్కప్ప వేరుశనగలు చూపించాడు, బుట్ట తట్టాడు, నాలుక ఆడించాడు. అది ఒక కన్నుతో ఆయన్ని చూసి, ఎవరో పాత పరిచయస్థుణ్ణి చూసినట్టు చూసి, తల తిప్పుకుంది. రెండేళ్ళు కాళ్ళు కడిగి నూనె రాసినందుకు ఇదా ఫలితం అని చిక్కప్పకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయనకు దండులో దొరసాని మొహం గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని చేసిన ప్రమాణం గుర్తొచ్చింది.

అప్పుడు వచ్చింది సాకమ్మ. మొగుణ్ణీ అన్ననూ కూడా పోలీసులు పట్టుకున్నారని ఎవరో చెబితే, పొయ్యి మీది కుండ దించి, ఉన్నపళంగా పరిగెత్తి వచ్చింది. పోలీసులను చూడలేదు, సబ్ కలెక్టర్‌ను చూడలేదు. కంబం కొస చూసింది.

"ఏమయ్యా, వాణ్ణి అంత పైకి ఎందుకు పంపినావు? ఎదురుగాలి తగిలితే వానికి గురక పట్టుకుంటుందని తెల్దా నీకు?"

తెలియదు. చిక్కప్పకు ఆ సంగతి ఆ రోజే తెలిసింది.

సాకమ్మ కొంగు ముడి విప్పి, అరచెయ్యి చాచి, "బా... బా... బా..." అని మెల్లిగా పిలిచింది. ఆమె రెండోసారి పిలవనక్కర లేకపోయింది. దొర కంబం మీద నుంచి వాలుగా జారి, అంత జనం మధ్య సరిగ్గా ఆమె భుజం మీద దిగి, చేతిలోవి టకటకా పొడుచుకుని తినసాగింది. మొలకెత్తిన రాగులు. చిక్కప్ప వాటిని చూశాడు. రోజూ సంగటి తినేటప్పుడు సాకమ్మ తనకు ఆకలి లేదని సగం ముద్దతో లేచిపోవడం గుర్తొచ్చింది. ఎప్పుడూ నిండే ఉండే గిన్నె గుర్తొచ్చింది. ఆయన ఇన్నాళ్ళూ పుంజును చూశాడుగాని, గిన్నెను చూడలేదు.

"రోజూ నువ్వేనా పెట్టింది?"

"ఇంకెవరు పెడతారు? నీ సీకాయతో వానికి కడుపు నిండుతుందా?"

"మరి కోసేస్తానంటివే."

"అంటిని. అంటే కదా నువ్వు ఊక మారుస్తావు," అంది సాకమ్మ.

పశువుల డాక్టరు కొట్టబోయిన గంటను ఆపి షామియానా బయటికి వచ్చాడు. సబ్ కలెక్టర్ పుంజు చుట్టూ ఒకసారి తిరిగాడు. సీమలో తన తల్లి ఇలాంటి కోళ్ళనే పెంచేదనీ, ఈ ఎండదేశంలో కాలి ఈకలు ఒక్కటీ విరక్కుండా ఉండడం తాను ఇంతవరకూ చూడలేదనీ అన్నాడు. అవతల డాక్టరు రెక్క విప్పి చూశాడు, తోక ఎత్తి చూశాడు, జుట్టు పట్టి చూశాడు. దొర సాకమ్మ భుజం మీద రాతిబొమ్మలా నిలబడింది. కాళ్ళ అందం చిక్కప్పది, కడుపు నిండిన నిబ్బరం సాకమ్మది, ఆ రెండూ ఒక్క పుంజులోనే ఉన్నాయి. నల్లంపల్లి పుంజు తరఫువాళ్ళు కూడా తలలూపారు.

"మొదటి బహుమతి. ఎవరి కోడి ఇది?" అన్నాడు డాక్టరు.

చిక్కప్ప నోరు తెరిచాడు. రెండేళ్ళుగా ఆ ప్రశ్న కోసమే బతికిన మనిషి. కానీ పుంజు ఎవరి భుజం మీద ఉందో చూసి, తెరిచిన నోటితో వేరే మాట అన్నాడు.

"ఆమెది సామీ. బుట్ట మాత్రం నాది."

మధ్యాహ్నానికి రంగప్పను వదిలేశారు. కత్తినీ మిరప్పొడినీ తిరిగి ఇచ్చేటప్పుడు అన్నామలై ఆ పొడిని ఒక చిటికె నోట్లో వేసుకుని, తల ఊపాడు. ఎంతైనా పిలిచిన పిలుపు పిలుపే కాబట్టి, ఆయనా కరుప్పుసామీ కూడా అతని వెంట వచ్చారు. రంగప్ప గడపలో నిలబడి, "దొర ఏడి చెల్లీ?" అన్నాడు.

"నాటుకోడి పెరట్లో కట్టేసి ఉంది. దాన్ని కొయ్యన్నా."

"దొరనని కదా కబురు పంపినావు?"

"మా ఇంట్లో వినాల్సినవాళ్ళు వినాలని పంపినాను. నువ్వెందుకు విన్నావు?" అంది సాకమ్మ.

రంగప్ప కోసం కట్టేసిన ఆ నాటుకోడి రెండు రోజులుగా అక్కడే ఉందని చిక్కప్ప అప్పుడే గమనించాడు. పులుసు చాలా బాగుంది. అన్నామలై మాత్రం మొదటి ముక్క నోట్లో పెట్టుకునే ముందు, పెరటి వాకిలి దాకా వెళ్ళి, ఊక మీద పచార్లు చేస్తున్న దొరను కళ్ళారా చూసి వచ్చి, అప్పుడు తిన్నాడు. కరుప్పుసామి ఆ పూటే తక్కిన సగం గడ్డం గీసుకుని, కోడి, కొడి, కోళి, కోటి అనే నాలుగు మాటలనూ సాకమ్మ దగ్గర వరసగా పలికి నేర్చుకున్నాడు.

మరుసటి ఏడు ఆగస్టులో, స్వాతంత్ర్యం వచ్చిన రోజున, తెల్లవారకముందే కరుప్పుసామి చిక్కప్ప తలుపు తట్టాడు. ఉతికిన యూనిఫారం వేసుకుని, నున్నగా గడ్డం గీసుకుని ఉన్నాడు. చంకలో కొత్త జెండా ఉంది.

"అక్కా, ఈ రోజు మూడు రంగుల కొడిని మేమే ఎక్కిస్తున్నాం," అన్నాడు శుద్ధమైన తెలుగులో. "మీ కోడిని కాస్త మూసిపెట్టండి. ఎస్సై గారు మరీ మరీ చెప్పి పంపారు."

సాకమ్మ నవ్వి, గుప్పెడు మొలక రాగులు లోపల వేసి, బుట్ట బోర్లించింది. దొరలందరూ పెట్టేబేడా సర్దుకున్న ఆ రోజున ధర్మపురిలో మిగిలిన ఒకే ఒక్క దొర, పోలీసుల ముందుజాగ్రత్త వల్ల, బుట్ట కిందే ఉన్నాడు.